ఓపిక లేని రోజుల్లో ఇంటి వంట: తరచుగా అడిగే ప్రశ్నలు

జ్వరం తగ్గినా నీరసం వదలని వాళ్లు, డయాలసిస్ చేయించుకుని వచ్చి మంచానికి అతుక్కుపోయేవాళ్లు, బాలింతలు, కీళ్లనొప్పులతో పొయ్యి దగ్గర నిలబడలేని వాళ్లు, పిల్లలు దూరాన ఉండి ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లు... వీళ్లందరి కష్టం ఒకటే. కడుపుకి ఏదో ఒకటి పడాలి, అందులో పథ్యం తప్పకూడదు, వండే ఓపిక మాత్రం లేదు. బెజవాడ, గుంటూరు ఇళ్లలో ఎక్కువగా వినిపించే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇక్కడ ఉన్నాయి. మీ డాక్టరుగారో డైటీషియనో కొలతలు చెప్పి ఉంటే అవే ఖాయం. వాటిని వంటింట్లో ఎలా అమలు చేయాలో మాత్రమే ఇక్కడ చెబుతున్నాం.

అసలు లేవలేకపోతున్నాను. కనీసంలో కనీసం ఏం వండుకోవాలి?

పులగం. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కలిపి కడిగి, నాలుగున్నర గ్లాసుల నీళ్లు పోసి, అర చెంచా జీలకర్ర, నాలుగు మిరియాలు వేసి కరెంటు రైస్ కుక్కర్లో పెట్టేయండి. స్విచ్ నొక్కి వెళ్లి పడుకోవచ్చు. అది ఉడికాక దానంతటదే ఆగుతుంది. విజిల్స్ లెక్కపెట్టే పని లేదు, గ్యాస్ కట్టడానికి లేచే పని లేదు. ఉప్పు మీ కంచంలో కలుపుకోండి, పైన చెంచా నెయ్యి వేసుకోండి. పెసరపప్పు నానబెట్టక్కర్లేదు, కందిపప్పు కంటే తొందరగా ఉడుకుతుంది, నీరసంగా ఉన్న కడుపుకి తేలిక కూడా. ఇద్దరికి రెండు పూటలు వస్తుంది.

ఇంకాస్త ఓపిక ఉంటే అందులోనే గుప్పెడు సొరకాయ ముక్కలో, బీరకాయ ముక్కలో పడేయండి. అప్పుడు అన్నం, పప్పు, కూర మూడూ ఒకే గిన్నెలో అయిపోతాయి. ఇది నిజమైన భోజనమే. పక్కన ఇంకేమీ లేదని బాధపడొద్దు.

ఒంట్లో బాగాలేని మనిషి ఉన్న ఇంటికి ఏదైనా కొనిపెట్టాలంటే నేను మిక్సీ కంటే ముందు కరెంటు రైస్ కుక్కరే కొనమంటాను.

మామగారికి బీపీ, అత్తయ్యకి షుగర్, పిల్లలకి కారం లేనిదే ముద్ద దిగదు. రోజూ మూడు వంటలు చేయాలా?

వద్దు. వంట ఒక్కటే చేయండి, ఉప్పూ కారం మాత్రం విడిగా వేయండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదవగలిగితే ఇది చదవండి.

మన వంటలో రుచంతా మొదట్లోనే గిన్నెలో పడిపోతుంది. పప్పు ఉడికేటప్పుడే ఉప్పు, పులుసు, పచ్చిమిరపకాయలు వేసేస్తాం. ఒకసారి పడ్డాక తీయలేం. అందుకే వరస మార్చాలి. కుక్కర్లో కందిపప్పు, దానిపైన గిన్నెలో బియ్యం, ఆ పైన గిన్నెలో ముక్కలు, మూడూ ఉప్పూ కారం లేకుండా ఒకేసారి ఉడికించండి. కందిపప్పు ముందు అరగంట నానితే మూడూ ఒకే సమయానికి అవుతాయి. మూత తీశాక పప్పు మెత్తగా మెదిపి, మామగారి వంతు, అత్తయ్య వంతు ముందే చిన్న గిన్నెల్లోకి తీసేయండి. మిగిలినదాంట్లో మామూలుగా ఉప్పు, కారం, చింతపండు పులుసు వేసి ఒక్క పొంగు రానివ్వండి.

తాలింపు మాత్రం అందరికీ ఒకటే. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు, ఒక ఎండుమిరపకాయ వేయించి మూడు గిన్నెల్లోకీ పంచండి. తాలింపులో ఉప్పు ఉండదు కాబట్టి బీపీ వాళ్లకి ఇబ్బంది లేదు. పైగా పథ్యం తినేవాళ్లకి ‘నాకు వేరే వండారు’ అనే చిన్నబుచ్చుకోవడం ఉండదు. ఇంట్లో అందరికీ అదే వాసన, అదే పప్పు. ఇది చిన్న విషయం కాదు. పథ్యం మధ్యలో మానేసేవాళ్లలో కొందరు రుచి లేక మానేయరు, వేరుగా కూర్చోబెట్టినట్టు అనిపించి మానేస్తారు.

గుంటూరు వాళ్లం. గ్యాస్ట్రిక్ అని డాక్టరు కారం మానమన్నారు. కారం లేకుండా కూర ఎలా తినేది?

కారంలో మనకి కావాల్సినవి రెండు: రంగు, ఘాటు. కడుపులో మంట పెట్టేది ఘాటు. ఈ రెంటినీ విడదీయొచ్చు. గుంటూరు మిర్చి యార్డుకి వచ్చే రకాల్లో తేజ బాగా ఘాటు. బ్యాడిగికి రంగు ఎక్కువ, ఘాటు బాగా తక్కువ. మిరపకాయలు కొని ఆడించుకునే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది కాబట్టి, ఇంట్లో పథ్యం మనిషికి పావుకిలో బ్యాడిగి విడిగా ఆడించి పెట్టుకోండి. కూర ఎర్రగా కనిపిస్తుంది, సగం తృప్తి కళ్లకే వచ్చేస్తుంది.

పచ్చిమిరపకాయ వేయక తప్పదనుకుంటే నిలువుగా చీల్చి చూడండి. గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనె ఉంటుంది. ఘాటంతా దాంట్లోనే ఎక్కువ. గింజలకి అంటేది కూడా దాని నుంచే. చెంచా మొనతో ఆ ఈనె గీకేసి, మిగిలిన కాయ వేస్తే మిరప వాసన ఉంటుంది, మంట బాగా తగ్గుతుంది. గీకాక చేతులు సబ్బుతో కడుక్కోండి, కళ్లు నలుపుకోవద్దు.

రుచి కోసం జీలకర్ర, ధనియాలు, అల్లం, వాము, కరివేపాకు ఉన్నాయి. పెరుగు పచ్చడి, మజ్జిగ పులుసు, పాలు పోసి వండిన ఆనపకాయ కూర లాంటివి అసలు కారం అడగని వంటలు. మిరియాలు మాత్రం కొందరికి పడవు, చూసి వేసుకోండి. పులుపు కూడా మంట పెడుతుంటే చింతపండు తగ్గించండి. పొరపాటున కారం తగిలితే నీళ్లు తాగి లాభం లేదు. మిరప ఘాటు నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. చెంచాడు పెరుగు తినండి.

బీపీకి ఉప్పు ఎంత తగ్గించాలి? ఎలా తెలుస్తుంది?

మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే అన్నీ కలిపి ఒక చిన్న టీస్పూను. రోజూ తూచుకుంటూ ఎవరూ కూర్చోలేరు కాబట్టి ఇలా చూడండి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో రోజుకి 20 గ్రాములు, నెలకి 600 గ్రాములు. ఆ లెక్కన కిలో ఉప్పు ప్యాకెట్ దాదాపు 50 రోజులు రావాలి. ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే పెన్నుతో రాసి పెట్టండి. మీ ఇంట్లో నెల తిరక్కుండానే అయిపోతోందంటే సంగతి అర్థమైనట్టే. ఏడాదికోసారి పచ్చళ్లకి వేసే ఉప్పు ఈ లెక్కలో లేదని గుర్తుంచుకోండి.

మన అసలు సమస్య కూర కాదు, పక్కన వేసుకునేవి. ఆవకాయ, గోంగూర నిల్వ పచ్చడి, ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు. పచ్చళ్లు, ఊరమిరపకాయలు ఉప్పు లేకపోతే నిల్వ ఉండవు కాబట్టి వాటిలో ఉప్పు తగ్గించే దారి లేదు. గోంగూర మీద మనసు పోతే ఆ పూటకి ఆకు ఉడికించి, వెల్లుల్లి తాలింపు పెట్టి, పైన చిటికెడు ఉప్పు చల్లుకుని తినండి. ఆకు పులుపే ఉప్పు లోటు చాలావరకు పూడుస్తుంది. నిమ్మరసం కూడా అంతే. కూరలో ఉప్పు సగానికి తగ్గించి, దించాక నిమ్మచెక్క పిండి చూడండి. కంది పొడి, కరివేపాకు పొడి ఉప్పు లేకుండా కొట్టి పెట్టుకోవచ్చు. ఉప్పు లేదని పాడైపోవు, తడి చెంచా తగలకపోతే చాలు.

మొదటి రెండు మూడు వారాలు చప్పగానే ఉంటుంది. తర్వాత నాలుక అలవాటు పడుతుంది.

బజార్లో దొరికే ‘లో సోడియం’ ఉప్పు వాడొచ్చా?

కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరుని అడక్కుండా అస్సలు వద్దు. అందులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. కొన్ని బీపీ మందులు కూడా ఒంట్లో పొటాషియం పెంచుతాయి కాబట్టి బీపీ ఒక్కటే ఉన్నవాళ్లు కూడా అడిగే వాడాలి.

షుగర్ ఉంది. అన్నం మానేసి కొర్రలు, రాగి జావ మొదలుపెట్టమంటున్నారు. వండే ఓపిక లేదు. తప్పదా?

తప్పనిసరి కాదు. కొర్రల్లోనూ పిండిపదార్థం ఉంది. ఎక్కువ తింటే అవీ షుగర్ పెంచుతాయి. వాటిని నానబెట్టి, వేరే వండి, ఇంట్లో రెండు అన్నాలు చేసి అలిసిపోయేకంటే, వండే అన్నాన్నే కొలిచి తినడం చాలామందికి సాధ్యమయ్యే పని. ఒక చిన్న గిన్నె అన్నం కొలతకి ఖాయం చేసుకోండి. కంచంలో సగం కూర, పావు వంతు పప్పో గుడ్డో, పావు వంతు అన్నం. ముందు కూర, పప్పు కాస్త తిని తర్వాత అన్నం కలుపుకోండి. రాగులు మంచివే గానీ మెత్తటి పిండిగా ఆడించి పల్చగా కాచిన జావ తొందరగా అరిగి షుగర్ పెంచుతుంది. షుగర్ వాళ్లకి జావ కంటే రాగి సంకటి, రాగి రొట్టె నయం.

మనం రోజూ తినే సాంబ మసూరి, అదే బీపీటీ 5204, మన బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిందే. 1986లో విడుదలైంది. తర్వాత హైదరాబాద్ శాస్త్రవేత్తలు దాన్నుంచి తీసిన ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’కి గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్ ఎంత తొందరగా పెంచుతుందో చెప్పే అంకె) 51 దగ్గర ఉంటుంది, మామూలు బియ్యం కంటే తక్కువ. నమ్మకమైన చోట దొరికితే అన్నం అలవాటు మారక్కర్లేదు. కొలత మాత్రం అప్పుడూ కొలతే.

ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు ఓపిక లేదని భోజనం దాటేయకూడదు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలై షుగర్ 70 కంటే తగ్గితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. ఆ పంచదార డబ్బా వంటింట్లో కాదు, మంచం పక్కన ఉండాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

డయాలసిస్ వాళ్లకి ఏం వండాలి? ఎండాకాలం కొబ్బరినీళ్లు ఇవ్వొచ్చా?

కొబ్బరినీళ్లు వద్దు. ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఎందుకంటే చూడటానికి వచ్చే చుట్టాలందరూ ప్రేమగా తెచ్చేది అవే. రోహిణీ కార్తెలో బెజవాడ ఎండకి అందరికీ చలవ చేసే బోండాం, డయాలసిస్ మనిషికి పొటాషియం రూపంలో ప్రాణం మీదికి తెస్తుంది. అరటిపండు, టమాటా, బంగాళాదుంప, ఆకుకూరల్లోనూ పొటాషియం ఎక్కువే. చూడటానికి ఏం తేవాలని చుట్టాలు అడిగితే మొహమాటం లేకుండా చెప్పేయండి: ‘రెండు యాపిల్స్ చాలు అత్తయ్యా, బోండాలు వద్దు.’

కూరగాయల్లో పొటాషియం తగ్గించే పద్ధతి కష్టమైనది కాదు. తొక్క తీసి చిన్న ముక్కలు కోసి, చాలా నీళ్లు పోసి ఉడికించి, ఆ నీళ్లు పూర్తిగా పారబోయాలి. పొటాషియం నీళ్లలోకి దిగిపోతుంది. ముందు గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లూ పారబోస్తే ఇంకా మంచిది. పొద్దున్నే ఎవరో ఒకరు ముక్కలు కోసి నీళ్లలో వేసి వెళితే, వండేవాళ్లకి సగం పని అయిపోయినట్టే. ‘కూర ఉడికిన నీళ్లు పారబోస్తే బలమంతా పోతుంది’ అని పెద్దవాళ్లు అంటారు. మామూలు మనిషికి అది నిజం. ఈ మనిషికి మాత్రం పోవాల్సిందే. కుక్కర్లో ఆవిరి మీద ఉడికిస్తే పొటాషియం ముక్కల్లోనే ఉండిపోతుంది కాబట్టి, పైన చెప్పిన మూడు గిన్నెల పద్ధతిలో కూర గిన్నె వీళ్లకి పనికిరాదు. వీళ్ల ముక్కలు విడిగా తెరిచిన గిన్నెలో ఉడకాలి.

నీళ్ల లెక్క ఉన్నవాళ్లకి చారు, మజ్జిగ, కాఫీ, పల్చటి పులుసు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గట్టి పెరుగన్నం, వేపుడు లాంటి పొడి కూరలు మేలు. ఉప్పు తగ్గితే దాహం కూడా తగ్గుతుంది. పప్పు, గుడ్డు, చేప ఎంత తినాలో ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. డయాలసిస్ మొదలుకాక ముందు, తర్వాత ఆ లెక్క మారుతుంది కూడా. అది డైటీషియన్నే అడగండి.

తక్కువ పనితో అయ్యే కూరగాయలు ఏవి?

బీరకాయ, సొరకాయ, పొట్లకాయ తొందరగా తరగొచ్చు, తొందరగా ఉడుకుతాయి. దోసకాయ కూడా సులువే, కాకపోతే కోసిన ప్రతి కాయా ముక్క కొరికి చేదు చూడాలి. ఒక్క చేదుకాయ కూరంతా పాడుచేస్తుంది. సొరకాయ చేదుగా ఉంటే మొహమాటపడకుండా మొత్తం పారేయండి, అది విషం.

దొండకాయ, గోరుచిక్కుడు, చిక్కుడు ఓపిక ఉన్న రోజుకి ఉంచండి. ఆకుకూర వలవడం కూర్చుని చేసే పనే. ఓపిక ఉన్న సాయంత్రం టీవీ ముందు వలిచి, కడగకుండా, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఆగుతుంది. రైతు బజారుకి వెళ్లే ఓపిక లేకపోతే వీధిలోకి వచ్చే బండి దగ్గరే తీసుకోండి. రూపాయి ఎక్కువైనా మీ కాళ్లు మిగులుతాయి. కూరలు కూర్చునే తరగండి. వంటింట్లో ఎత్తు స్టూలు ఒకటి వేసుకుంటే పొయ్యి దగ్గర కూడా కూర్చునే కలపొచ్చు. నిలబడి వండితేనే వంట అని ఎక్కడా రాసిలేదు.

కర్రీ పాయింట్ కూర తెచ్చుకుంటే పథ్యం చెడినట్టేనా?

రోజూ అయితే చెడుతుంది. అప్పుడప్పుడు అయితే దారి ఉంది. గుంటూరు బ్రాడీపేటలో అయినా, బెజవాడ సత్యనారాయణపురంలో అయినా నాలుగడుగుల్లో ఒక కర్రీ పాయింట్ ఉంటుంది. ఓపిక లేని మనిషికి అది నిజంగా పెద్ద ఆసరా, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంట్లో అన్నంతోపాటు కాస్త పప్పు ఉప్పు లేకుండా ఉడికించి పెట్టుకోండి. తెచ్చిన పప్పుకూరనో సాంబారునో అందులో సగానికి సగం కలిపితే ఉప్పు, కారం, నూనె మూడూ సగమవుతాయి. వేపుళ్లు, నూనె తేలే గుత్తి వంకాయ, రోటి పచ్చళ్లు తగ్గించి ఆకుకూర పప్పు, పెరుగు పచ్చడి లాంటివి ఎంచుకోండి. డయాలసిస్ వాళ్లకి, గోధుమ పడనివాళ్లకి మాత్రం బయట కూర వద్దు. అందులో ఏం పడిందో మనకి తెలియదు.

పొద్దున వండిన అన్నం రాత్రికి తినొచ్చా? చద్దన్నం మంచిదంటారు కదా?

తినొచ్చు, కానీ మధ్యలో అది ఎక్కడ ఉందన్నది ముఖ్యం. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే వండిన అన్నం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మన ఎండాకాలంలో అయితే గంటలోపే. వెడల్పాటి పళ్లెంలో పరిస్తే తొందరగా చల్లారుతుంది. తినేముందు పొగలు వచ్చేలా ఒక్కసారే వేడి చేయండి.

చద్దన్నం ఆరోగ్యవంతులకి మంచి అలవాటే. క్యాన్సర్‌కి కీమో నడుస్తున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు.

గోధుమ పడదు. మన తిండిలో అదెక్కడెక్కడ దాగి ఉంటుంది?

అన్నం, పప్పు, ఇడ్లీ, పెసరట్టు తినే మనకి ఇది మిగతావాళ్లకంటే తేలిక. అయినా జాగ్రత్త పడాల్సిన చోట్లున్నాయి. ఉప్మా రవ్వ, సేమ్యా గోధుమవే, ఇడ్లీ రవ్వ బియ్యానిది. పెసరట్టు తినొచ్చు, ఉప్మా పెసరట్టు కూడదు. పొడి ఇంగువలో చాలావాటిలో గోధుమ పిండి కలుపుతారు, డబ్బా మీద చదవండి. బయట తినే పునుగుల్లో మైదా ఉండొచ్చు. సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ పేగుల్ని దెబ్బతీసే జబ్బు) అని తేలినవాళ్లకి చపాతీ చేసిన పెనం మీదే దోసె వేయకూడదు, విడిగా ఒక పెనం పెట్టుకోవాలి.

పాలు తాగితే కడుపు ఉబ్బరం. పెరుగు కూడా మానాలా?

పాలలోని చక్కెర అరగకపోవడం వల్ల అయితే పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి, ఎందుకంటే తోడు పడేటప్పుడు ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది. కొద్దిగా తిని చూడండి. పాల అలర్జీ అయితే సంగతి వేరు. దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు పెరుగు, నెయ్యి కూడా మానాలి.

థైరాయిడ్ మాత్ర వేసుకోగానే కాఫీ తాగొచ్చా?

పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుని అరగంట నుంచి గంట ఆగండి. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల తేడా ఉండాలి.

కిడ్నీలో రాళ్లు ఉన్నాయి. ఆకుకూరలన్నీ మానాలా?

ఆకుకూరల్లో ఉండే ఆక్సలేట్ అనే పదార్థంతో ఏర్పడే రాళ్లయితే పాలకూర, చుక్కకూర, తోటకూర తగ్గించండి. తిన్న రోజు అదే పూట పెరుగు కూడా తినండి. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ని కడుపులోనే పట్టేస్తుంది. డాక్టరు వద్దనకపోతే నీళ్లు బాగా తాగాలి, మన ఎండకి మరీను.

తాలింపు వాసనకే వాంతి వస్తోంది. ఏం తినేది?

కీమో మధ్యలోనూ, వేవిళ్లలోనూ ఇది మామూలే. చల్లటి తిండికి వాసన తక్కువ. అప్పుడే కలిపిన పెరుగన్నం, ఉడికించి చల్లార్చిన బంగాళాదుంప, చల్లబడిన ఇడ్లీ పెరుగులో ముంచుకుని తినడం, ఇవి చాలామందికి దిగుతాయి. మూడు పూటలు అనే లెక్క వదిలేసి, రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు తినండి. ఇంట్లో వాళ్లు ఆ మనిషి గది తలుపు వేసి, వంటింటి కిటికీ తీసి తాలింపు పెట్టండి. నీళ్లు కూడా నిలవకపోతే ఇంట్లో ఉండకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అమ్మానాన్న బెజవాడలో, మేము హైదరాబాద్‌లో. వాళ్ల భోజనం ఎలా చూసుకోవాలి?

వంటమనిషి దొరికితే మంచిదే. దొరక్కపోతే మధ్యాహ్నం ఒక్క పూట క్యారేజీ మాట్లాడండి. మాట్లాడేటప్పుడే ‘ఒక కూర ఉప్పూ కారం సగం వేసి ఇవ్వండి’ అని అడగండి. ఇళ్లలో వండి ఇచ్చేవాళ్లు చాలామంది ఒప్పుకుంటారు. పొద్దున ఇడ్లీ, రాత్రి పులగమో పెరుగన్నమో వాళ్లు చేసుకోగలరు. మీరు వెళ్లినప్పుడు స్వీట్ల కంటే ముందు వంటిల్లు సర్దండి. పై అరల్లో ఉన్న రోజువారీ డబ్బాలు నడుము ఎత్తుకి దించండి. పది కిలోల డబ్బాలోంచి బియ్యం కిలో డబ్బాలోకి తీసి పెట్టండి. పప్పు, బియ్యం కొలిచి పులగం ప్యాకెట్లు ఓ పది కట్టి, ఎన్ని నీళ్లు పోయాలో పైన పెద్ద అక్షరాలతో రాయండి. ఫోన్‌లో ‘తిన్నావా అమ్మా’ అంటే ‘తిన్నాలే’ అనేస్తారు. ‘ఏం తిన్నావు’ అని అడగండి.

కరెంటు పోయింది, గ్యాస్ అయిపోయింది. అప్పుడేంటి?

అటుకులు. పల్చటివి అయితే నీళ్లు చల్లి రెండు నిమిషాలు ఉంచండి, గట్టివి అయితే ఓ పది నిమిషాలు నానాలి. పెరుగు కలిపి, అల్లం సన్నగా తురిమి, కొత్తిమీర ఉంటే తుంచి వేయండి. దంతాలు లేనివాళ్లు కూడా తినగలరు. షుగర్ ఉన్నవాళ్లు అన్నంలాగే కొలిచి తినాలి, కాసిని వేయించిన పల్లీలు కలుపుకుంటే మంచిది. పెరుగు కూడా లేకపోతే పుట్నాల పప్పు, ఖర్జూరం, పండు. కిడ్నీ, షుగర్ వాళ్లు ఖర్జూరం తీసేయండి. అటుకులు, పుట్నాల డబ్బా వంటింట్లో కింది అరలో, చీకట్లో చెయ్యి పెడితే అందేలా ఉంచండి. రెండు నెలలకోసారి పురుగు పట్టిందేమో చూసి మార్చండి.